నర్సన్నకు నచ్చని ఆటలు

వెంకటనర్సును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంచివాడు కాక కాదు. పోచంపల్లిలో మా వీధి మొత్తం మీద అంత మంచివాడు లేడు. కానీ ఆ మనిషికి ఒకటి నచ్చిందంటే ఇక లోకంలో రెండోది పుట్టకూడదు. పుట్టినా తన కంట పడకూడదు. హైదరాబాదుకు మధ్యాహ్నం రెండింటి బస్సులో వెళ్లడం అలవాటు. ఆ బస్సును రెండున్నరకు మార్చారని నాలుగు నెలలు హైదరాబాదే మానుకున్నాడు. అరగంట ఆలస్యమైతే నీకేం నష్టమయ్యా అని అడిగితే, "రెండింటి బస్సు రెండింటికే పోవాలె గద సారూ" అన్నాడు.

నాది ఆలంపూర్. ఎనభై ఒకటిలో పోస్టు మాస్టరుగా పోచంపల్లికి బదిలీ మీద వచ్చి, వెంకటనర్సు ఇంటి పక్క గది కిరాయికి తీసుకున్నాను. గోడ అవతల అతని మగ్గం. తెల్లవారగానే మొదలయ్యే చప్పుడు చీకటి పడితే గాని ఆగదు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గం అది. పన్నెండో ఏట వాళ్ల బాపు అతన్ని ఆ గుంటలో కూర్చోబెట్టాడు. నేను చూసేనాటికి వయసు నలభైకి దగ్గరపడింది. మనిషి నడుము పైన పహిల్వాను, కింద పీనుగు. నాలుగడుగులు వేగంగా నడిస్తే ఆయాసపడేవాడు.

నెలకు ఒక్కరోజు, అమావాస్యనాడు, ఆ చప్పుడు ఉండదు. ఆ రోజు నేతవాళ్లు మగ్గం ముట్టరు. కొందరు పడుకుంటారు, కొందరు పత్తాలు, అంటే పేక, ఆడతారు, కొందరు కల్లు తాగుతారు. వెంకటనర్సు మాత్రం పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని, బస్టాండు దగ్గర అమృతమ్మ హోటలుకు బయలుదేరేవాడు. అక్కడ రేకుల షెడ్డు కింద మెహమూద్ ఆట పరిచేవాడు.

మెహమూద్‌ది బస్టాండు పక్కనే సైకిలు దుకాణం. సైకిలు లేనివాళ్లకు కూడా అతనితో పని ఉండేది. మా ఊళ్లో పోగుకు రంగు వేసేముందు, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. ఆ రబ్బరు మెహమూద్ పారేసే పాత ట్యూబులదే. ఎనిమిదో తరగతి దాకా చదివాడు, చేతిరాత ముత్యాలు, బొమ్మలు బాగా వేసేవాడు. పంక్చరు అతికించి అది ఆరేలోపు ఊహల్లో పడిపోయేవాడు. ఒకసారి నా సైకిలు వెనక చక్రం ముందు, ముందు చక్రం వెనక బిగించి ఇచ్చాడు.

ఆ ఊహల్లోంచే ఆట పుట్టింది. ఎనభై రెండులో అనుకుంటాను. పాత క్యాలెండరు వెనక వైపు ఒక దారి గీశాడు. ఈ చివర ఊరు, ఆ చివర సంత, మధ్యలో అడవి, ఏరు, సుంకం వసూలు చేసే నాకా. ఆడేవాళ్లు నలుగురు నాలుగు వేషాలు కడతారు. ఒకరు బండి తోలేవాడు, ఒకరు బట్టల వ్యాపారి, ఒకరు కాపలాదారు, ఒకరు దారి తెలిసిన ముసలమ్మ. నలుగురూ కలిసి బట్టల మూటలు సంతకు చేర్చాలి. మెహమూద్‌కు వేషం లేదు, తక్కినదంతా అతనే. ఏరూ అతనే, దొంగలూ అతనే, నాకాలో మీసం దువ్వే జవానూ అతనే. ముందర ఏముందో అతను చెబుతాడు, ఏం చేస్తామో మేం చెప్పాలి. అయిదు గవ్వలు విసిరితే మూడో అంతకన్నా ఎక్కువో వెల్లకిలా పడితే అనుకున్నది అవుతుంది. లేదంటే మెహమూద్ దయ.

వ్యాపారిని నేను. దొంగలొచ్చారంటే మూటల కింద దూరేవాణ్ని. వెంకటనర్సు పక్కింటి నేతగాడు లింగయ్య కాపలాదారు. ముసలమ్మ అమృతమ్మే. ఒక చేత్తో మిర్చి బజ్జీ తీస్తూ ఇంకో చేత్తో గవ్వలు విసిరేది, ఎప్పుడూ ఆమెకే మంచి పందెం పడేది. బండి తోలేవాడు మాత్రం వెంకటనర్సు. ఆ వేషానికి సిద్ధయ్య అని పేరు పెట్టుకున్నాడు. ఎడ్లకు కూడా పేర్లు పెట్టాడు, ఎర్రోడు, మచ్చోడు. బతుకులో ఒక్కసారి ఎద్దు పగ్గం పట్టినవాడు కాదు. కానీ ఆ బల్ల ముందు కూర్చుంటే కాళ్లు బారజాపి, నోటితో బండి చప్పుడు చేస్తూ, ఎడ్లను బుజ్జగిస్తూ, మనిషి పదేళ్లు చిన్నవాడయ్యేవాడు.

"ఏరు నిండ పారుతుంది నర్సన్నా. నీళ్లు ఇరుసు దాక వచ్చినై. ఏం జేస్తవ్?" అని మెహమూద్ అడిగేవాడు.

"ఎడ్లను ఇప్పుత. ఎర్రోనికి నీళ్లంటె బయ్యం, మచ్చోని ముందుకు పెడత. సారూ, నువ్వు బండి దిగు. నీ బరువొక్కటి నాకు."

ఎరుపు, మచ్చ ఏ బొమ్మలోనూ లేవు. అయినా ఆ ఎడ్లు తడిసిపోతున్నాయని నాకు నిజంగా దిగులు పుట్టేది. సంత చేరిన రోజున వెంకటనర్సు ఇంటికి పాట పాడుకుంటూ వెళ్లేవాడు. ఒకసారి నాతో అన్నాడు. "నెలంత గుంటల ఉంట సారూ. గీ ఒక్కనాడు దేశం తిరిగొస్త." అందుకే చెబుతున్నాను, నాకు అతని మీద కోపమే గాని అర్థం చేసుకోక కాదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మెహమూద్ బుర్ర ఒక దారి మీద నిలిచేది కాదు. రెండేళ్లు ఆ ఆట ఆడించాక, ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యకు ఇంకో ఆట పట్టుకొచ్చాడు. అప్పట్నుంచి అదే ఆచారమైంది. ఏడాదికొక కొత్త అమావాస్య, ఏడాదికొక కొత్త ఆట. మూడు నాలుగు నెలలు దుకాణంలో కూర్చుని రాసేవాడు, కొట్టేసేవాడు, మళ్లీ రాసేవాడు. మా ముందు పరిచేటప్పుడు మొదట వెంకటనర్సు ముఖం వైపే చూసేవాడు.

ఎనభై నాలుగులో పెండ్లి మాటల ఆట తెచ్చాడు. ఒకరు పిల్ల మేనమామ, ఒకరు పిల్లగాని పెదనాయన, ఒకరు మధ్యవర్తి, ఒకరు అలిగిన మేనత్త. ఎవరూ ముఖం మాడ్చుకుని లేచిపోకుండా వరపూజ దాకా తీసుకుపోవాలి. అమృతమ్మ మేనత్త వేషం కట్టి అలిగిన అలకకు నవ్వలేక నాకు పక్కటెముకలు నొచ్చాయి. వెంకటనర్సు మాత్రం జ్వరం మందు మింగినట్టు కూర్చున్నాడు.

"గిదేం ఆట? మా శెల్లె పెండ్లిల పడ్డది సాలదా? మల్ల ఈడ గూడ పడాల్నా? ఎడ్లేయి? బండేది?"

ఆ మరుసటి ఏడు కచేరీ ఆట, సర్కారు ఆఫీసులో తిరుగుడు. ఒక కాగితం మీద ముద్ర వేయించుకోవాలి, అంతే. మెహమూద్ ప్యూనుగా, గుమాస్తాగా, భోజనానికి వెళ్లిన ఆఫీసరుగా గొంతులు మార్చి మార్చి మమ్మల్ని సాయంత్రం దాకా తిప్పాడు. ఎవరికీ ముద్ర పడలేదు. నేను సర్కారు ఉద్యోగిని కాబట్టి నాకు కాస్త గుచ్చుకున్నా, అంత గొప్ప ఆట ఇంకోటి లేదని ఒప్పుకుంటాను. వెంకటనర్సు మధ్యలోనే, "ముద్ర ఎయ్యకుంటె మాయె, బండి కడదాం పారి" అన్నాడు. తర్వాత దయ్యాల కోట. సచ్చినోళ్లతోని నాకేం పని అన్నాడు. ఆ తర్వాత ఒక ఏడు మెహమూద్ అతని మీద జాలిపడి బండి ఉన్న ఆటే చేశాడు, కాకపోతే ఎడ్లకు బదులు గుర్రాలు. గుర్రాలేంది, గుర్రాలు మనయా అని దానికీ పేచీ పెట్టాడు.

నచ్చకపోతే నచ్చకపోయింది. నాకూ దయ్యాల కోట అంతగా పట్టలేదు. లింగయ్యకు పెండ్లి ఆట విసుగు. మేం నోరు మూసుకుని ఆడాం, పక్కవాడి సంతోషం చూసి మేమూ కాస్త సంతోషపడ్డాం. ఈయనకు అలా కుదరదు. తనకు నచ్చని ఆట ఉందంటే అది తనకు జరిగిన అన్యాయం. మెహమూద్ కావాలని తన బండిని తగలబెట్టి ఆ బూడిదతో కొత్త ఆట చేసినట్టు మాట్లాడేవాడు. ఆండాళమ్మ, అతని భార్య, ఒకసారి గోడ మీది నుంచి నాతో మొత్తుకుంది. "ఇంట్ల గూడ గిదే కత సారూ. ఆకిట్ల ముగ్గు మార్చి ఏస్తె రెండు దినాలు మాట్లాడడు."

ఎనభై ఎనిమిది కొత్త అమావాస్యకు తెగేదాకా వచ్చింది.

ఆ ఏడు మెహమూద్ తెచ్చింది దొంగ ఎవరో కనిపెట్టే ఆట. ఊళ్లో దేవుడి వెండి కిరీటం పోయింది. నలుగురిలో ఒకరు దొంగ. ఎవరు దొంగో చీటీ తీసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరెవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు ఎవరిని చూశారు, అబద్ధం ఎవరిది, అన్నీ నోట్‌బుక్కులో రాసుకొచ్చాడు. నాలుగు నెలలు పట్టింది. గుడి, బావి, వీధులు రంగు పెన్సిళ్లతో గీశాడు. అమృతమ్మ పొయ్యి ఆర్పేసి మరీ వచ్చి కూర్చుంది. చీటీలు తీశాం. మెహమూద్ గొంతు సవరించుకుని, "తెల్లారి పూజారి గుడి తలుపు తీసిండు..." అని మొదలుపెట్టాడు.

వెంకటనర్సు తన చీటీ తీసి బల్ల మీద పడేశాడు.

"నేనే తీసిన. కిరీటం మా గడ్డివాముల ఉంది. అయిపాయె. ఇగ బండి ఆట తియ్యి."

లింగయ్య నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది. మెహమూద్ నవ్వడానికి ప్రయత్నించాడు. "అట్ల జెప్పొద్దు నర్సన్నా. ఆట పోతది. జర కూసో, మల్ల చీటీలు తీద్దాం."

"ఎన్నిమార్లు తీసినా గంతే. నీకు ఒక్కటే ఆట చెయ్యనొచ్చింది మెహమూదూ. గది సంత బాట. దాని తర్వాత నీకు ఆట చేసుడు రాలే. ఏటేట రాకున్నా చేస్తున్నవ్."

ఈ మాట అని లేచి వెళ్లిపోయాడు. మెహమూద్ చీటీలు ఏరుకున్నాడు, గుడి బొమ్మ మడిచాడు, నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని దుకాణం తెరిచాడు. అమావాస్యనాడు అతను దుకాణం తెరవడం అదే మొదటిసారి. నాకు వెంకటనర్సును గుంటలోంచి లాగి రెండు తగిలించాలనిపించింది.

మరుసటి అమావాస్యకు మెహమూద్ రాలేదు. ఆ తర్వాతిదానికీ రాలేదు. నేను దుకాణానికి వెళ్లి అడిగాను.

"నాకు చేసుడు రాదంట గద సార్. బంద్ వెట్టిన."

"వాడొక్కడు అంటె అయిపాయెనా? మాకు నచ్చినై గద?"

"నర్సన్న మొదటిదినం కెల్లి ఉన్నోడు. ఆయిన్ని దృష్టిల పెట్టుకునే ప్రతి ఆట చేసిన. గీసారన్న నచ్చుతదా, గీసారన్న నచ్చుతదా అని." చక్రం తిప్పుతూ ఒక్కొక్క పుల్ల బిగిస్తూ చెప్పాడు. "కనీసం పాత ఆటన్న తియ్యి" అన్నాను. ఆ క్యాలెండరు కాగితం ఎప్పుడో చీకిపోయిందని, మళ్లీ గీసే మనసు లేదని అన్నాడు. ఇక ఒత్తిడి చేయలేదు.

ఆట పోవడంతో మా అమావాస్యలన్నీ పోయాయి. లింగయ్య పత్తాలవాళ్లలో కలిశాడు. అమృతమ్మ ఎదురొస్తే, ఏం సారూ ఇగ ఆట లేనట్టేనా అని అడిగేది. వెంకటనర్సు తలస్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని, ఎక్కడికి పోవాలో తెలియక మగ్గం గుంట అంచున కూర్చునేవాడు. ఆండాళమ్మ ఒకనాడు పోస్టాఫీసుకే వచ్చేసింది. "జర మీరన్న జెప్పుర్రి సారూ. అమాస వచ్చిందంటె నా పానం తీస్తుండు. కూరల ఉప్పెక్కువంటడు, తలుపు గట్టిగ ఏసినవంటడు. పోయి మెహమూదుతోని మాట్లాడు అంటె ఇనడు."

నేనూ చెప్పి చూశాను. ఆ సంభాషణ నాకు పొల్లు పోకుండా గుర్తుంది, ఎందుకంటే అది అయ్యేసరికి నాకు తలనొప్పి వచ్చింది.

"నచ్చనిదాన్ని నచ్చిందని అబద్ధం చెప్పాల్నా సారూ?"

"నచ్చిందని చెప్పమంటలేనయ్యా. నీకు చేసుడు రాదన్నవు సూడు, గా మాట ఎనుకకు తీసుకో."

"రెండు ఒకటే గదా?"

"కాదు."

"ఎట్ల గాదు? నాకు నచ్చలేదంటె ఆట మంచిగ లేనట్టే గద?"

లేచి నా గదికి వచ్చి తలుపేసుకున్నాను. గోడ అవతల మగ్గం మొదలైంది.

అయితే నా మాట అతని మనసులో ఎక్కడో పడి ఉండాలి. ఎందుకంటే మాఘమాసంలో వెంకటనర్సు ఇంట్లో ఏదో కొత్త పని మొదలైంది. చీరల పని అయ్యాక రోజూ గంటసేపు తలుపు దగ్గరకు వేసుకుని పోగు చుట్టేవాడు. నాలుగు రోజులకు నేనే ఉండబట్టలేక వెళ్లి చూశాను. బొగ్గు ముక్కతో పోగు మీద గుర్తులు పెడుతున్నాడు. అడవి, ఏరు, నాకా, సంత.

విషయమేమిటంటే, సంత బాట కాగితం చీకిపోయిందన్న మాట ఆండాళమ్మ ద్వారా అతని చెవిన పడింది. చీకిపోని బాట నేసి మెహమూద్‌కు ఇవ్వాలని నిశ్చయించుకున్నాడు. తప్పయింది తమ్మీ అనే రెండు మాటలు నోటితో అనడానికి మొహమాటపడి, ఆ రెండు మాటలకు బదులు రెండు నెలల పని నెత్తికెత్తుకున్న మనిషిని ఏమనాలో నాకు తెలియదు. ఆండాళమ్మకు తెలుసు. ఆమె అన్నది ఇక్కడ రాయను.

పోగు కట్టాడు, రంగులో ముంచాడు, ఆరబెట్టాడు, మళ్లీ కట్టాడు. అడవికి ఆకుపచ్చ, ఏటికి నీలం, సంతకు ఎరుపు. చీరల మీద కూడా అంత శ్రద్ధ పెట్టగా నేను చూడలేదు. ఫాల్గుణంలో ఒకనాడు పొద్దున గోడ అవతల మగ్గం మొదలై, పావుగంటకే ఆగిపోయింది. వెంటనే ఒక బూతు వినిపించింది. అతని నోట బూతు వినడం నాకు అదే మొదటిసారి. పరిగెత్తాను.

మగ్గం మీద జానెడు గుడ్డ లేచింది. ఎడమ అంచున ఊరు, అడవి, మధ్యలో సంత, బాగానే ఉన్నాయి. కుడివైపు చూద్దును కదా, సంత తర్వాత మళ్లీ అడవి, మళ్లీ ఊరు.

చీర నేసేవాళ్లు పోగును మధ్యకు మడిచి కడతారు. పువ్వుకు అటు సగం, ఇటు సగం ఒకటే కదా, ఒకసారి కడితే రెండువైపులా వస్తుంది, పని సగమవుతుంది. ముప్పై ఏళ్లుగా మడిచిన చేయి, అడగకుండానే మడిచేసింది. పువ్వయితే పరవాలేదు. ఇది బాట. ఊరి నుంచి సంతకు వెళ్లే బాట, సంత నుంచి అద్దంలో చూసినట్టు తిరిగి ఇంకో ఊరికి వెళ్లిపోయింది. రెండు ఏళ్లు, రెండు నాకాలు, రెండు అడవులు.

"గా రెండో ఊరు ఎవలది?" అని ఆండాళమ్మ వెనక నుంచి అడిగింది.

"నీ తల్లిగారిది" అన్నాడు వెంకటనర్సు.

రంగు పట్టిన పోగును ఎవడూ వెనక్కి తిప్పలేడు. పారేయడానికి మనసొప్పలేదు. పళ్లు కొరుకుతూ, రోజూ తిట్టుకుంటూ మొత్తం నేసి ముగించాడు. కొత్త అమావాస్య పొద్దున ఆ గుడ్డను నిలువునా సగానికి మడిచాడు. మడిస్తే సరిగ్గా ఒక ఊరు, ఒక ఏరు, అంచున సంత. రెండో సగం కింద దాగిపోయింది. "సూడుర్రి, ఎవలకు తెలుస్తది?" అని నాకు చూపించి, నన్ను వెంటబెట్టుకుని మెహమూద్ దుకాణానికి నడిచాడు. అంగీ వెనక చెమటతో తడిసిపోయింది.

మెహమూద్ ఏదో సైకిలును తలకిందులుగా నిలబెట్టి గొలుసు ఎక్కిస్తున్నాడు. లేవలేదు. వెంకటనర్సు గుడ్డను అక్కడి బల్ల మీద పరిచాడు.

"ఇగో, నీ బాట. ఇగ చీకిపోదు."

మెహమూద్ చేతులు తుడుచుకుని వచ్చాడు. చాలాసేపు చూశాడు. ఏటి మీద వేలు పెట్టి నాకా దాకా జరిపాడు. అతని ముఖం మెత్తబడడం నాకు కనిపించింది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను. ఇంతలో గుడ్డ మందం అతని వేళ్లకు తగిలింది. మడత విప్పాడు.

వెంకటనర్సు కళ్లు మూసుకున్నాడు.

మెహమూద్ రెండో ఊరు చూశాడు, రెండో ఏరు చూశాడు, వెంకటనర్సు ముఖం చూశాడు. బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఏడాది తర్వాత అతని నవ్వు వినడం. సైకిలు కోసం వచ్చిన మనిషి కూడా ఏమీ తెలియకుండానే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగి, గుడ్డ మీదికి వంగాడు.

"సంత ఒక్కటే. ఊళ్లు రెండు. ఆగు, ఆగు. బండ్లు రెండు గావాలె. ఒకలు ఈ దిక్కెల్లి, ఒకలు ఆ దిక్కెల్లి... ఎవలు ముందు చేరుకుంటె వాళ్లకు ఎడ్లు కట్టెయ్యనీకి జాగా దొరుకుతది. నర్సన్నా, గిది కొత్త ఆట!"

"కొత్తది గాదు! తప్పు వోయింది!" అని వెంకటనర్సు అరిచాడు. "సగం మడిచి సూడు, పాతదే!"

వినేవాడెవడు? మెహమూద్ అప్పటికే పెన్సిలు వెతుకుతున్నాడు. నేను అమృతమ్మ హోటలుకు, లింగయ్య ఇంటికి కబురు పంపాను. మధ్యాహ్నానికి రేకుల షెడ్డు కింద అందరం కూర్చున్నాం, సరిగ్గా ఏడాదికి.

ఒక బండిలో వెంకటనర్సు, నేను. ఎదుటి ఊరి బండిలో లింగయ్య, అమృతమ్మ. వెంకటనర్సు సిద్ధయ్య వేషం కట్టాడు, ఎడ్లను పేరు పెట్టి పిలిచాడు, ఏరు దాటించాడు. చెమటలు కక్కుతూ సంత చేరాం. చేరేసరికి లింగయ్య ఎడ్లు అక్కడున్న ఒక్క జాగాలో పడుకుని నెమరు వేస్తున్నాయి. అమృతమ్మ మూటలు విప్పి అంగడి పెట్టేసింది.

"మాకంటె ముందు గాడ ఎవలుంటరు?" అన్నాడు వెంకటనర్సు.

"మేమున్నం" అంది అమృతమ్మ. "రా, చాయ్ తాగుదువు."

"నా సంత నేను చేరినంక నాది గావాలె గద? రెండేండ్లు తోలిన నేను గీ బాట. ఎప్పుడన్న ఎవలన్న ఎదురొచ్చిండ్రా?"

లేచి నిలబడ్డాడు. లింగయ్య గవ్వలు గుప్పిట్లో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మెహమూద్ తల దించుకున్నాడు. ఇప్పుడు ఈ మనిషి నోరు తెరిస్తే ఇక మెహమూద్ జన్మలో పెన్సిలు పట్టడని మా అందరికీ తెలుసు. నేను అంగీ పట్టుకు లాగబోయాను. చేయి విదిలించుకున్నాడు.

వెంకటనర్సు ఆ గుడ్డ వైపే చూస్తున్నాడు. అతని రెండు నెలల పని. చాలాసేపు చూశాడు.

"నాకు నచ్చలే మెహమూదూ" అన్నాడు. "గీ ఆట నాకు నచ్చలే. ముందుగాలయి గూడ నచ్చలే, పెండ్లిది, కచేరీది, ఏదీ నచ్చలే. ఇగ నచ్చయి గూడ."

మెహమూద్ తల ఎత్తలేదు. "తెలుసు నర్సన్నా."

"తెల్వదు నీకు. ఇను. ముప్పయేండ్ల సంది నేస్తున్న. నేను నేసిన చీరెలల్ల నాకు నచ్చినై ఎన్నున్నయి? పది గూడ లెవ్వు. ఏనుగు బొమ్మ నాకు నచ్చది. చిలుక అసలే నచ్చది. సావుకారి ఏయిమంటె ఏసిన. కట్టుకున్నోళ్లు ఏమన్న పారేసిండ్రా? పెండ్లిళ్లకు కట్టుకున్నరు, మంచిగ పెట్టెల దాసుకున్నరు. చిలుక నచ్చకుంటె నేత చెడ్డదైతదా?" ఊపిరి తీసుకున్నాడు. "నీకు చేసుడు రాదన్న గద, గది తప్పు మాట. నాకు నచ్చుడు రాదు, గంతే. నువ్వు ఆడించు."

అని మళ్లీ తన జాగాలో కాదు, పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాళ్లు బారజాపుకుని, మూతి ముడుచుకుని.

మెహమూద్ మొహం తుడుచుకున్నాడు. "గీ ముచ్చట ఐదేండ్ల కింద జెప్తె ఏం వోయింది నర్సన్నా?" అన్నాడు.

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

నేను రెండు చేతులతో తల పట్టుకున్నాను. అమృతమ్మ లింగయ్య గుప్పిట్లోంచి గవ్వలు లాక్కుంది. "ఇగ ఆపుర్రి మీ పంచాతి. నా అంగడి కాడికి గిరాకి వచ్చిండు. ఎవలు మెహమూదూ ఆయన?"

"జెప్త" అన్నాడు మెహమూద్, గొంతు మార్చి, మీసం దువ్వుతూ. వెంకటనర్సు స్టూలు మీది నుంచి, ఎవరూ అడగకుండానే, "గంత మెల్లగ జెప్తె ఎవలకు ఇనొస్తది, జర గట్టిగ జెప్పు" అని విసుక్కున్నాడు.